పరాయి బిడ్డ కోసం జీతంతో కూడిన సెలవు

ఉద్యోగం వదలకుండా, జీతం కోల్పోకుండా, సంవత్సరంలో కొన్ని దినాలు సమాజసేవకు వినియోగించుకునే అవకాశం కొన్ని దేశాల ఉద్యోగులకు లభించియున్నది. దీనిని స్వచ్ఛంద సేవా సెలవు అంటున్నారు. ఆ సెలవుపై కొందరు విదేశాలకు వెళ్లి అక్కడి నిరుపేద బాలలకు సేవచేసి వస్తున్నారు. మన దేశంలో ఈ మాట ఇంతవరకు పెద్ద కంపెనీల కార్యాలయాలలోనే వినిపిస్తున్నది. ఎండలో పట్టాల వెంట నడిచే ట్రాక్‌మన్‌కు, ఊరూరా సైకిలు తొక్కే గ్రామీణ డాక్ సేవక్‌కు దీనితో ఏమి సంబంధమని ఎవరైనా అడుగవచ్చు. సంబంధం ఉన్నదనియే మా అభిప్రాయం. రైల్వే, తపాలా ఉద్యోగుల కోర్కెల పత్రంలో ఈ సెలవుకు చోటివ్వవలసిన సమయం వచ్చినది. అయితే అది ఎవరికి, ఎవరి మేలు కొరకు, ఏ షరతులపైన అన్న మూడు ప్రశ్నలను మనం ముందుగా తేల్చుకొనవలసియున్నది.

సూత్రం కొత్తది కాదు

అన్యుల మేలు కొరకు ఉద్యోగి వెచ్చించే కాలానికి జీతం ఇవ్వవచ్చునన్న సూత్రాన్ని ప్రభుత్వం ఏనాడో అంగీకరించినది. రక్తదానం చేసిన ఉద్యోగికి ప్రత్యేక ఆకస్మిక సెలవు ఉన్నది. అవయవదానం చేసిన కేంద్ర ప్రభుత్వోద్యోగికి 42 దినాల వరకు ప్రత్యేక ఆకస్మిక సెలవు ఇవ్వవచ్చునని 2023లో ఉత్తర్వులు వెలువడినవి. క్రీడాపోటీలకు, పర్వతారోహణకు కూడా అటువంటి సెలవు గలదు. ముఖమైనా తెలియని మనిషికి ఒక సీసా రక్తమిచ్చినవానికి ఆనాటి జీతం న్యాయమైనప్పుడు, దిక్కుతోచక ప్లాట్‌ఫారంపై నిలిచిన పసివానికి ఒక దినం ఇచ్చినవానికి మాత్రం జీతం ఎందుకు కోత పడవలెను?

అంతర్జాతీయ కార్మికోద్యమంలోనూ దీనికి పునాది ఉన్నది. మన రైల్వే సమ్మె జరిగిన 1974 సంవత్సరంలోనే, ఆ మే మాసం గడిచిన కొద్ది వారాలకే, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 140వ ఒడంబడికను ఆమోదించినది. వృత్తి శిక్షణకే గాక సాంఘిక, పౌర విద్యకు, కార్మిక సంఘ విద్యకు కూడా ఉద్యోగికి జీతంతో కూడిన సెలవు ఉండవలెనని అది చెప్పుచున్నది. భారత ప్రభుత్వం దానిని నేటివరకు ధ్రువీకరించలేదు. ఫ్రాన్సులో 1995లో వచ్చిన చట్టం ప్రకారం విదేశాలలో సహాయ కార్యక్రమాలకు వెళ్లే ఉద్యోగికి ఆరు నెలల వరకు సెలవు దొరుకుతుంది, ఉద్యోగం భద్రంగా ఉంటుంది. కాని ఆ సెలవుకు జీతం లేదు. జీతం లేని సెలవు వెనుక ఆస్తి ఉన్నవానికే ఉపయోగం. నెల జీతంపై బ్రతికే కుటుంబానికి అది కాగితంపై హక్కు మాత్రమే. కనుక ‘జీతంతో కూడిన’ అన్న మాటను మనం వదులుకొనరాదు.

బ్రిటిష్ రైల్వే ఉద్యోగులు చూపిన దారి

ఈ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. అది మన స్టేషనులోనే మొదలైనది. 1989లో బ్రిటిష్ రైల్వే అధికారి డేవిడ్ మెయిడ్‌మెంట్ బొంబాయి చర్చిగేట్ స్టేషనులో ఒక చిన్న బాలికను చూచినారు. ఆ బాలిక తన వీపుపై తానే కొరడాతో కొట్టుకుంటూ బిచ్చమెత్తుతున్నది. ఆ దృశ్యం ఆయనను వదలలేదు. ఇటువంటి పిల్లలు స్టేషనులకు ఎట్లు చేరుతున్నారు, చేరిన తొలి గంటలలో వారికి ఏమి జరుగుచున్నది అని ఆయన విచారించినారు. 1995లో ‘రైల్వే చిల్డ్రన్’ అను సంస్థను స్థాపించినారు. అది బ్రిటన్‌తో పాటు భారతదేశంలోను, టాంజానియాలోను పనిచేసినది. బ్రిటన్‌లోని రైల్వే ఉద్యోగులు, అధికారులు, రైల్వే కంపెనీలు దానికి వెన్నెముకగా నిలిచినారు. రైలులో ప్రయాణిస్తూ బ్రిటన్‌లోని మూడు ఎత్తైన శిఖరాలను ఎక్కే కార్యక్రమం ద్వారా రైల్వే ఉద్యోగులు దానికి విరాళాలు సేకరించినారు. అక్కడి రైలు మార్గాలను నిర్వహించే నెట్‌వర్క్ రైల్ సంస్థ తన ఉద్యోగులకు ఏటా 5 దినాలు జీతంతో కూడిన స్వచ్ఛంద సేవా సెలవు ఇచ్చుచున్నది.

ఇందులో గమనింపదగిన విషయం ఒకటి గలదు. ఆ ఉద్యోగులు గుంపులుగా విమానమెక్కి వచ్చి మన ప్లాట్‌ఫారాలపై పిల్లలకు అన్నం పెట్టలేదు. వారు తమ కాలాన్ని, శ్రమను తమ దేశంలో వెచ్చించి నిధులు సేకరించినారు. ఇక్కడ పిల్లలతో పనిచేసినది ఇక్కడి భాష, ఇక్కడి చట్టం, ఇక్కడి ఊర్లు తెలిసిన భారతీయ కార్యకర్తలు. పరదేశపు బిడ్డకు సహాయం చేయుటకు ఇదియే సరియైన పద్ధతి అని మేము తలంచుచున్నాము. ఆస్ట్రేలియా కార్మిక సంఘాల సమాఖ్య 1984లో తన స్వంత విదేశ సహాయ సంస్థను ఏర్పరచినప్పుడు కూడా ఇదే దారి త్రొక్కినది. అక్కడి సభ్యుల చందా ఇతర దేశాలలోని సంఘాలకు, స్థానిక సంస్థలకు చేరుచున్నది. ఇచ్చేవాడు యజమానిగా గాక తోటి కార్మికుడుగా ఇచ్చుచున్నాడు.

సేవ పేరుతో కీడు జరుగరాదు

విదేశాలకు వెళ్లి అనాథాశ్రమాలలో పది దినాలు గడిపివచ్చే పద్ధతి గురించి దాచకుండా మాట్లాడవలసియున్నది. నేపాల్ అనాథాశ్రమాలలో ఉన్న బాలలలో 85 శాతానికి పైగా పిల్లలకు తల్లియో, తండ్రియో బ్రతికే ఉన్నారని యునిసెఫ్ తెలిపినది. కంబోడియాలో సైతం ఆశ్రమవాసులైన బాలలలో నూటికి డెబ్బది అయిదు మందికి తల్లిదండ్రులలో ఒక్కరైనా సజీవులై ఉన్నారు. మరి అనాథలెట్లయినారు? విదేశీ సందర్శకులు వచ్చుచున్నారు, విరాళాలిచ్చుచున్నారు. వారికి చూపుటకు పిల్లలు కావలెను. చదువు చెప్పిస్తామని పేద తల్లిదండ్రులను నమ్మించి, పిల్లలను ఆశ్రమాలలో చేర్చే దళారులు తయారైనారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చిన వెనుక ఈ ప్రమాదం మరింత పెరిగినదని యునిసెఫ్ హెచ్చరించినది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సైతం అనాథాశ్రమాలలో స్వచ్ఛంద సేవ పేరిట జరిగే ఈ వ్యవహారంవల్ల కలిగే హానిని నివారించవలెనని సభ్యదేశాలను కోరినది.

వెళ్లినవారి మనస్సు మంచిదే. కాని వారానికొక కొత్త మనిషి వచ్చి ఎత్తుకొని, ముద్దాడి, ఫొటో తీయించుకొని వెళ్లిపోతుంటే ఆ పసివాని మనస్సేమగును? తల్లి ఒడి నుండి తీసి, అపరిచితుల ఒడులలోకి మార్చుట సేవ కాజాలదు. కార్మికులమైన మనకు ఒక కొలత ఉన్నది. ఏ పని అయినా ఎవరి కొరకు చేయుచున్నామో వారికి లాభించినదా లేదా అని చూచుట ఆ కొలత. మనకు తృప్తి కలిగినంత మాత్రాన పని పూర్తియైనట్లు కాదు.

అందుచేత విదేశ సేవకు మేము ఒక హద్దు సూచించుచున్నాము. రైల్వే ఆసుపత్రి నర్సు, ప్రథమ చికిత్స నేర్పగల ఉద్యోగి, బాలల రక్షణలో శిక్షణ పొందినవారు, అక్కడి కార్మిక సంఘంగాని ప్రభుత్వంగాని కోరినప్పుడు, అక్కడి కార్యకర్తలకు పని నేర్పుటకు వెళ్లవలెను. అనాథాశ్రమ సందర్శనకు సెలవు అడుగరాదు, ఇవ్వరాదు.

తోర్వా నుండి చూచినప్పుడు

ఇక మన ముంగిటికి వత్తము. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడినది. 1902లో వాల్తేరు నుండి కటకం వరకు గల మార్గం దాని చేతికి వచ్చినది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తియైనది. ఆ పట్టాల వెంబడి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు గ్యాంగ్ పనులకు, లోకోషెడ్డు పనులకు తరలివచ్చి ఖరగ్‌పూర్‌లోను, బిలాస్‌పూర్‌లోను స్థిరపడినవి. ఆ కార్మికులను సంఘటితపరచి పోరాటాలకు నాయకత్వం వహించిన వి.వి.గిరి గారు అనంతర కాలంలో రాష్ట్రపతి అయినారు. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినది. అర్పా నది ఒడ్డునున్న తోర్వాలోను, చుట్టుప్రక్కల రైల్వే కాలనీలలోను తెలుగు మాట నేటికీ వినబడుచున్నది.

హౌరా–ముంబయి ప్రధాన మార్గం, కట్నీ మార్గం కలిసే జంక్షను ఇది. విశాఖపట్నం–కోర్బా, తిరుపతి–బిలాస్‌పూర్ రైళ్లు మన ప్రాంతాన్ని దీనితో కలుపుచున్నవి. తండ్రి కొట్టినాడని అలిగి రైలెక్కినవాడు, పనికి తీసికొనిపోతామన్న మేస్త్రీ చేతికి చిక్కినవాడు, జనం రద్దీలో తల్లి చేయి జారినవాడు, ఎవరైనను జంక్షనులో దిగి నిలబడవచ్చును. ఎక్కడిదో తెలుగు పల్లె నుండి వచ్చిన ఎనిమిదేండ్ల పసివానికి బిలాస్‌పూర్ వేరే రాష్ట్రమని తెలియదు. ఎవరు మాట్లాడినా తనకు అర్థం కావడం లేదని మాత్రమే తెలియును. భాష తెలియని ఊరు ఆ బిడ్డకు పరదేశమే. ఒడిశా నుండి, బెంగాలు నుండి, సరిహద్దు దాటి నేపాల్ నుండి వచ్చిన బిడ్డకు మన విజయవాడ, మన సికింద్రాబాదు కూడా అంతే.

అటువంటి వేళ ఇంట తెలుగు, డ్యూటీలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ మాట్లాడే తోర్వా రైల్వే ఉద్యోగి విలువ ఎంత! “బాబూ, ఏ ఊరు నాయనా మీది?” అని తల్లిభాషలో ఒక్క మాట వినబడిన వెంటనే, అంతవరకు మూగవాడనుకున్న బిడ్డ నోరు విప్పును. ఆ నోట వచ్చేది చిరునామా కాదు. చెరువు గట్టు, అమ్మవారి గుడి, మేనమామ పేరు, సంత జరిగే వారం, ఇవి వచ్చును. ఇక్కడ తపాలా ఉద్యోగి అవసరం కలుగును. అటువంటి ఆనవాళ్ల నుండి ఊరును, ఊరి నుండి ఇంటిని పట్టగల జ్ఞానం బీటులో తిరిగే పోస్టుమన్‌కు, గ్రామీణ డాక్ సేవక్‌కు ఉన్నంతగా మరే శాఖవారికి ఉన్నది? రైల్వే, తపాలా ఉద్యోగులు చేయి కలిపిన యెడల ఈ పనిని మించి చేయగలవారు దేశంలో లేరు.

2018 నుండి 2024 మే వరకు స్టేషనులలోను, రైళ్లలోను 84,119 మంది బాలలను కాపాడినట్లు రైల్వే రక్షక దళం ప్రకటించినది. విజయవాడలో 1989లో ఆరంభమైన నవజీవన్ బాలభవన్ వంటి సంస్థలు స్టేషనుకు చేరిన బాలల కొరకు దశాబ్దాలుగా పనిచేయుచున్నవి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించినదీ అదే 1989లో. భారతదేశం 1992లో అందులో చేరినది. 1996లో బొంబాయిలో మొదలైన 1098 టెలిఫోను సేవ 2023లో ప్రభుత్వ యంత్రాంగం క్రిందకు వచ్చినది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఒంటరిగా దొరికిన బిడ్డను, ప్రయాణకాలం మినహాయించి, 24 గంటలలోపున బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచవలెను. అట్టి బిడ్డను చూచినవారు 24 గంటలలో తెలియజేయుట బాధ్యత. తెలియజేయకపోవుట నేరం. చట్టం ఉన్నది, ఫోను నంబరు ఉన్నది. ఆ రాత్రి బిడ్డ ప్రక్కన కూర్చుని వాని భాష మాట్లాడే మనిషికి మాత్రం తీరిక లేదు. మనం అడిగే సెలవు ఆ తీరిక కొరకే.

సెలవు ఎవరికి దొరుకును?

ఇక్కడ చేదు నిజం ఒకటి చెప్పవలసియున్నది. హక్కుగా ఉన్న సెలవే దొరకని శాఖలలో సేవా సెలవు గురించి మాట్లాడుట కొందరికి పరిహాసంగా తోచవచ్చు. అయిదవ వేతన సంఘం తరువాత ఆఫీసు ఉద్యోగుల ఆకస్మిక సెలవు 12 నుండి 8 దినాలకు తగ్గిపోయినది. 2023లో రైల్వేలలో సుమారు రెండున్నర లక్షల ఖాళీలున్నట్లు ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకొన్నది. చెల్లెలి పెళ్లికి సెలవు కోరిన లోకో పైలట్‌కు, తండ్రి కర్మకు సెలవు కోరిన పాయింట్స్‌మన్‌కు “మనిషి లేడు” అన్న సమాధానమే ఎదురగుచున్నది. గ్రామీణ డాక్ సేవక్‌ల సంగతి మరీ దయనీయం. కమలేశ్ చంద్ర కమిటీ సిఫారసుల మీద 2018లో వారికి లభించిన అత్యవసర సెలవు సంవత్సరానికి 5 దినాలు. ఇంట జ్వరం వచ్చినా, ఊర తుఫాను వచ్చినా ఆ అయిదు దినాలలోనే సరిపెట్టుకొనవలెను.

ఈ పరిస్థితిలో సేవా సెలవు మంజూరైతే అది ఎవరికి చెందును? గదిలో కూర్చుని పనిచేసేవారికి, ఒక దినం లేకున్నా పని ఆగనివారికి చెందును. షిఫ్టు డ్యూటీవారికి దక్కదు. దక్కినా, రిలీవరు లేకుండా ఇచ్చిన సెలవు భారం ప్రక్కనున్న సోదరుని నడుముపై పడును. ఒక కార్మికుడు పన్నెండు గంటలు పనిచేస్తే మరొక కార్మికునికి దక్కే పుణ్యం మనకు వద్దు. కనుక సేవా సెలవు కోర్కెను లీవ్ రిజర్వ్ పోస్టుల భర్తీ కోర్కె నుండి వేరుచేయరాదు. ఈ రెండూ ఒకే పట్టాలకు రెండు కమ్ములు.

యాజమాన్యం వైపు నుండి మరొక ప్రమాదం పొంచియున్నది. ఉద్యోగులే సెలవుపై వచ్చి పనిచేయుచున్నారు గదా అని బాలల సహాయ కేంద్రాలలో ఉండవలసిన శిక్షితులైన ఉద్యోగుల స్థానాలను ఎత్తివేయవచ్చును. స్వచ్ఛంద సేవ ఎన్నడూ ఒక పోస్టును మ్రింగరాదు. నెలజీతంపై శాశ్వతంగా ఉండవలసినవారు ఉండనే వలెను. మనం వారికి తోడు మాత్రమే.

“ప్రజల సొమ్ముతో జీతం తీసికొని మీరు పుణ్యం కట్టుకొందురా?” అని ఒక ఆక్షేపణ వినబడగలదు. స్టేషనులో తప్పిపోయిన బిడ్డ ఎవరి బిడ్డ? ఆ ప్రజల బిడ్డయే. రైల్వే ప్రయాణికుని బిడ్డయే. ఆ బిడ్డను ఇంటికి చేర్చుట రైల్వే సేవలో భాగం కాదనగలవారెవరు? ఆటలపోటీలలో పతకానికి వెళ్లినవానికి సెలవిచ్చుటను ఎవరూ ఆక్షేపించలేదు. ఇక దుర్వినియోగం మాట. బాలల సంక్షేమ సమితి లేదా జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ఇచ్చిన పత్రం ఉంటేనే సెలవు అనిన, ఆ భయం తీరును. ప్రవర్తనా నియమాల అడ్డంకి కూడా లేదు. విధులకు భంగం లేనంతవరకు సాంఘిక, ధార్మిక స్వభావంగల గౌరవ సేవను ముందస్తు అనుమతి లేకుండానే చేయవచ్చునని 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళియే చెప్పుచున్నది.

మన కోర్కెలు

రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాలలోను, కేంద్ర ఉద్యోగులందరి తరఫున జె.సి.ఎం.లోను ఈ దిగువ కోర్కెలు ప్రవేశపెట్టవలెనని మేము ప్రతిపాదించుచున్నాము.

ఒకటి: ఆపదలోనున్న బాలల సహాయానికి ప్రతి ఉద్యోగికి ఏటా 5 దినాల ప్రత్యేక ఆకస్మిక సెలవు జీతంతో ఇవ్వవలెను. ట్రాక్‌మన్ మొదలు అధికారి వరకు ఒకే లెక్క ఉండవలెను. గ్రామీణ డాక్ సేవక్‌లకు ఇది వారి అత్యవసర సెలవుకు అదనంగా ఉండవలెను.

రెండు: సెలవుకు ముందు శిక్షణ తప్పనిసరి కావలెను. బిడ్డతో ఎట్లు మాట్లాడవలెను, ఎవరికి అప్పగించవలెను, ఏమి చేయరాదు అన్నది తెలియనివారిని పంపరాదు. ఆ శిక్షణ దినాలను డ్యూటీగా పరిగణించవలెను.

మూడు: పెద్ద జంక్షనులలో ఉద్యోగులు మాట్లాడగల భాషల జాబితా తయారుచేయవలెను. తెలుగు బిడ్డ దొరికినప్పుడు తెలుగు తెలిసినవానిని, ఒడియా బిడ్డ దొరికినప్పుడు ఒడియా తెలిసినవానిని ఆ పూటకు డ్యూటీ నుండి విడుదల చేయవలెను.

నాలుగు: లీవ్ రిజర్వ్ పోస్టులను పూర్తిగా భర్తీచేయవలెను. రిలీవరు లేడన్న సాకుతో ఈ సెలవును నిరాకరించరాదు.

అయిదు: విదేశ సేవకు ప్రత్యేక నైపుణ్యం గలవారిని, ఆ దేశపు సంఘాల ఆహ్వానంపై, తగినంత కాలవ్యవధితో పంపవలెను. ఇతరులు తమ సంఘాల ద్వారా స్వచ్ఛందంగా చందా పంపుటకు జీతపు పట్టీలోనే ఏర్పాటు ఉండవలెను.

ఉత్తర్వులు వచ్చువరకు మనం చేతులు ముడుచుకొని కూర్చుండనవసరం లేదు. భాషల జాబితాను శాఖా సంఘాలు రేపే తయారుచేయవచ్చును. స్టేషను మేనేజరుకు, రైల్వే రక్షక దళానికి, సమీప పోస్టాఫీసుకు దాని నకళ్లు అందజేయవచ్చును. 1098 నంబరు ప్రతి రన్నింగ్ రూములోను, ప్రతి సార్టింగు గదిలోను గోడపై కనబడునట్లు వ్రాయించవచ్చును. దీనికి ఖర్చు లేదు, అనుమతి అవసరం లేదు.

సెలవు యాజమాన్యం ఇచ్చిన దానం కాదు. వారపు విశ్రాంతి మొదలు ఆకస్మిక సెలవు వరకు ప్రతి దినాన్ని మన పెద్దలు పోరాడి సంపాదించినారు. సంపాదించిన కాలంలో కొంత భాగాన్ని పరాయి బిడ్డకు పంచగల హృదయం రైల్వే, తపాలా కార్మికులకు ఉన్నది. వేల మైళ్ల దూరాన గల బ్రిటిష్ రైల్వే సోదరులు మన ప్లాట్‌ఫారంపై బిడ్డను తమ బిడ్డగా తలచినారు. ఆ ప్లాట్‌ఫారం మన డ్యూటీ స్థలం. అక్కడ నిలిచిన బిడ్డకు సమాధానం చెప్పవలసిన వంతు ముందుగా మనది.